మా బావ, రెండు తోవ మిషన్లు, నా కుడి చెయ్యి

మా ఆయనకు దారులు తెలియవు. ఈ మాట అంటే నారాయణఖేడ్‌లో సగం మంది నవ్వుతారు, ఎందుకంటే ఆయన ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్సు నడిపాడు. కానీ నడిపింది ఒకటే రూటు. పొద్దున ఖేడ్ నుంచి హైదరాబాద్, సాయంత్రం హైదరాబాద్ నుంచి ఖేడ్. ఆ రోడ్డు మీద ఏ గుంత ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆ రోడ్డు దింపి పక్క బాట పట్టించామా, సంతలో తప్పిపోయిన పిల్లవాడిలా దిక్కులు చూస్తాడు. మేనత్త కొడుకే కాబట్టి ఆయన్ని ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. ఈ మాట మొహం మీదే అంటాను కూడా.

"డ్రైవర్‌కు స్టీరింగ్ తెల్వాలె గని తోవెందుకే? తోవ బోర్డు మీద రాసుంటది," అంటాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మా ఇంట్లో రోజూ వాడకంలో ఉంటుంది.

రిటైరైన ఏడాదే మోటార్‌సైకిల్ కొన్నాడు. "ఇన్నేండ్లు బస్సునిండ జనాన్ని తిప్పిన. ఇగ నిన్నొక్కదాన్నే తిప్పుత," అన్నాడు. అంత మాట అన్నాక ఏ ఆడది ఇంట్లో కూర్చుంటుంది? కుచ్చిళ్లు సర్దుకుని వెనక ఎక్కాను.

అయితే బస్సు ఇంజన్ పక్కన కూర్చుని కూర్చుని ఆయన ఎడమ చెవి ఎప్పుడో సెలవు పెట్టింది. హెల్మెట్ పెడితే కుడి చెవికి కూడా నా మాట చేరదు. అందుకని మేమిద్దరం కండక్టర్ పద్ధతి పెట్టుకున్నాం. ఎలాగూ వెనక నుంచి సైగ రాకపోతే ఆయన బండి కదలదు, ఆ ఒంటికి అలవాటు అలాంటిది. వీపు మీద రెండు తట్లు తడితే రైట్ రైట్. చొక్కా కాలర్ పట్టి గుంజితే హోల్డాన్. ఎడమ భుజం మీద తడితే ఎడమకు, కుడి భుజం మీద తడితే కుడికి.

తోవ చెప్పడం నాకు కష్టం కాదు. నేను బడిపంతులమ్మను. బదిలీల పుణ్యమా అని మనూర్, కంగ్టి, నాగల్‌గిద్ద మండలాల్లో ఏ తండాకు ఏ బాట పోతుందో, వాన పడితే ఏ వాగు అడ్డం వస్తుందో కాళ్లతో నడిచి నేర్చుకున్నాను. ఆయనది హ్యాండిల్, నాది కుడి చెయ్యి. కాపురం బాగానే సాగింది.

కిందటి వానకాలం బండి మీదే శ్రీశైలం పోయి వచ్చాం. పక్కింటావిడ కూరగాయలు తరుగుతూ, "అడవి ఎట్లుంది టీచరమ్మా? నెమళ్లు కనవడ్డయా?" అని అడిగింది. నేను ఘాట్ రోడ్డు మలుపులన్నీ చెప్పాను. చెక్‌పోస్టు ఎక్కడుందో, ఏ బోర్డు తుప్పు పట్టి అక్షరాలు కనబడవో చెప్పాను. నెమళ్ల సంగతి మాత్రం నాకు తెలియదన్నాను. పక్కకు కూర్చున్నా మెడ ముందుకే తిప్పి రోడ్డు చూస్తాను మరి, వచ్చాక నువ్వుల నూనె రాసుకుంటే గాని ఆ మెడ మళ్లీ తిరగలేదు. బావ వాకిట్లో బండి కడుగుతూ ఇదంతా విన్నాడు.

ఆ తర్వాత ఇంట్లో సముద్రం మాట వచ్చింది. మూడు వైపులా నీళ్లున్న భూమిని ద్వీపకల్పం అంటారని ఏళ్ల తరబడి పిల్లలతో వల్లె వేయించాను గాని, ఆ మూడు వైపుల్లో ఒక్క వైపు కూడా నేను చూడలేదు. బీదర్ మీదుగా, విజయపుర దాటి, కొంకణం దాకా బండి మీదే పోదామన్నాడు బావ. అంత దూరం చీరతో కష్టమని పంజాబీ డ్రెస్ కుట్టించుకున్నాను. నా ఈడుకు అదే మొదటిది. అల్మారాలో వేలాడుతున్న దాన్ని రోజుకోసారి తలుపు తీసి చూసుకునేదాన్ని, ఎవరైనా వస్తే ఠక్కున మూసేదాన్ని.

సరిగ్గా అప్పుడే నాకు సవతులు వచ్చారు. ఒకరు కాదు, ఇద్దరు.

తప్పు మొదట ఫోన్‌ది. హ్యాండిల్‌కు సముద్రం తోవ కోసం బిగించిన ఫోన్ గతుకులకు ఊగి ఊగి కెమెరా కళ్లు పోగొట్టుకుంది. నాగల్‌గిద్ద దాటితే దానికి తాను తెలంగాణలో ఉన్నదో కర్ణాటకలో ఉన్నదో తెలియదు, మ్యాప్ బిగుసుకుపోతుంది. పైగా సరిగ్గా నాలుగు రోడ్ల కూడలిలోనే ఎవరో ఒకరు ఫోన్ చేసి బాగున్నారా అంటారు. ఈ బాధ విని, హైదరాబాద్‌లో ఉండే బావ స్నేహితుడొకాయన రెండు జీపీఎస్ మిషన్లు పంపించాడు. ఆ స్నేహితుడు బండి మీద మంచు కొండల దాకా పోయి వచ్చిన మనిషి. రెండూ వాడి చూసి నచ్చింది ఉంచుకొమ్మని, రెండోది తిరిగి పంపమని కబురు.

రెండూ చేతిలో పట్టేంతవే. ఒకటి సన్నగా, తళతళలాడుతూ, వేలితో తాకితే పనిచేసేది. హెల్మెట్‌లో చిన్న స్పీకర్ పెట్టుకుంటే అది కుడి చెవిలో ఇంగ్లీషులో మాట్లాడుతుంది. ఆడ గొంతు. రెండోది మొద్దుగా, రబ్బరు తొడుగుతో, పక్కల మీటలతో ఉంది. మాట్లాడదు. మలుపు వస్తే హెల్మెట్ లోపలికి కూడా వినబడేలా కీచుమని ఒక్క కూత వేసి, తెర మీద బాణం చూపి ఊరుకుంటుంది. టార్చిలైటు సెల్స్ రెండు వేస్తే నడుస్తుంది, కంగ్టిలో కిరాణా కొట్టులో అయినా దొరుకుతాయి.

"సిమ్ము లేదు, సిగ్నలు అక్కెర్లేదు. సీదా ఆసమాన్‌ల ఉపగ్రహాలతోటి మాట్లాడ్తది," అన్నాడు బావ, మొహం వెలిగిపోతూ.

"ఇంట్ల పెండ్లాంతోటి మాట్లాడనీకి పురసత్ లేదు గని, ఆసమాన్‌తోటి మాట్లాడ్తడట," అన్నాను.

ఇక పరీక్షలు మొదలయ్యాయి. ఎండలో తెర కనబడుతుందా అని మిద్దె మీద నేను ఆరబోసిన కందిపప్పు మధ్యలో రెండింటినీ పెట్టి, చుట్టూ తిరిగి అన్ని దిక్కుల నుంచీ చూశాడు. తళతళలాడేది ఎండకు అద్దమైపోయింది, అందులో బావ మీసం తప్ప ఏమీ కనబడలేదు. నీళ్లకు తట్టుకుంటాయా అని బియ్యం కడిగే గిన్నెలో ముంచాడు. గతుకులకు ఆగుతాయా అని నా మిక్సీ మీద గుడ్డతో కట్టి స్విచ్ వేశాడు. చట్నీ చేసుకోవడానికి నేను అనుమతి అడగాల్సి వచ్చింది. తొడుగులు వేసుకున్న చేత్తో అన్నం ముందు కూర్చుని మీటలు నొక్కుతుంటే, ఈ మనిషికి మతి పోయిందని మా అత్తగారు బతికుంటే దిష్టి తీసేది.

నాకు నవ్వు వచ్చినట్టే వచ్చి, లోపల మండేది. ఎందుకో ఇప్పుడే చెబుతాను, దాచడమెందుకు. ఆ మిషన్ వస్తే నా కుడి చేతికి పనిలేదు. ఇన్నాళ్లూ బండి వెనక నేను మనిషిని. ఇకమీదట మూటను.

ఒకరోజు ఆ మిషన్ చెవిలో ఏదో అంటే బావ ఒక్కడే తల ఊపి నవ్వుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. "గంత ముద్దొస్తే దాన్నే ఎక్కించుకోని పో సముద్రానికి. నేను రాను," అన్నాను.

"గట్లంటే ఎట్ల? ఎల్లమాస నాడు పరీక్ష పెడ్దాం. మీ చిన్నమ్మ చేనుకు పోవాలె గదా. నువ్వు చెయ్యి లేపొద్దు, నోరు ఇప్పొద్దు. అది తోవ జూపెడ్తె అది గెల్షినట్టు. తప్పితే రెండు వాపస్ పంపుత," అన్నాడు.

"అది గెలిస్తే నేను ఇంట్లనే ఉంట. మాట మీద నిలవడాలె మరి," అన్నాను. నోరు జారింది. అల్మారాలో పంజాబీ డ్రెస్ నన్ను చూసి ఏమనుకుందో తెలియదు గాని, నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు. సముద్రం చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఒక మిషన్ ఓడిపోవాలని దేవుడికి మొక్కుకున్న బడిపంతులమ్మను నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఎల్లమాస అంటే మా వైపు, అవతల కర్ణాటక వైపు, చలికాలంలో వచ్చే చేనుల పండుగ. ఆ అమావాస్య నాడు ఊళ్లో ఎవరూ ఉండరు. అందరూ చేనుకు పోయి, జొన్న దంట్లతో చిన్న గుడిసె కట్టి, అందులో పాండవులని అయిదు రాళ్లకు సున్నం పూసి పూజ చేసి, అక్కడే తింటారు. పచ్చి గింజలు, ఆకుకూరలు, చింతపండు, శనగపిండి కలిపి వండిన భజ్జి, సజ్జ రొట్టెలు, పులిసిన జొన్న అంబలి. ఆ రోజు చేను పక్క నుంచి పోయేవాడు ఎవడైనా సరే పిలిచి కూర్చోబెట్టాల్సిందే. పిలిస్తే కాదని పోకూడదు. మా బావకు అంత పరీక్ష పెట్టుకోవడానికి సంవత్సరం మొత్తంలో దొరికింది ఆ ఒక్క రోజే.

పొద్దున్నే చిన్నమ్మ కొడుకు, అంటే మా తమ్ముడు, చేను ఉన్న చోటును ఫోన్‌కు పంపాడు. బావ ఆ చోటు అక్షాంశ, రేఖాంశాల అంకెల్ని రెండు మిషన్లలోకీ ఎక్కించి, మాట్లాడేదాన్ని హ్యాండిల్‌కు బిగించి, మాట్లాడనిదాన్ని సంచిలో వేశాడు. నేను వెనక కూర్చుని కుడి చేతిని కొంగు కింద దాచుకున్నాను. ఆ చెయ్యి నా మాట వినదని నాకు తెలుసు.

ఖేడ్ దాటామో లేదో, మొదటి చేను వాళ్లు చేతులూపారు. దిగాం, తిన్నాం, ఎక్కాం. రెండో చేను వాళ్లు బండికి అడ్డమే వచ్చారు. దిగాం, తిన్నాం. రోడ్డు దిగి చేనులోకి పోయిన ప్రతిసారీ ఆ చెవిలో ఆవిడ వెనక్కి తిరగమని మొత్తుకునేదట. బావ మొదట ఓపికగా విన్నాడు. మూడో చేనులో విస్తరి ముందు కూర్చుని, "అగొ, ఆగవే తల్లీ, బుక్క మింగనియ్యి," అని గాలితో అన్నాడు. పక్కనున్న పెద్దమనిషి జరిగి కూర్చున్నాడు.

అక్కడ లేచి చూస్తే మిషన్ వేలికి పలకలేదు. వేలికి పలకడానికి అది వేలైతే కదా, నెయ్యి, భజ్జి కలిసిన ముద్ద. తుడిచేకొద్దీ తెర మీద జిడ్డు పరుచుకుంది. చివరికి బావ విసుక్కుని దాన్ని సంచిలో పడేసి, మొద్దుదాన్ని తీసి బిగించాడు. దాని మీటలు నెయ్యి వేళ్లకూ లొంగాయి. ఒక సవతి పోయింది అనుకున్నాను. కానీ రెండోది గట్టిపిండం. నోరు మెదపకుండా, మలుపు మలుపుకూ కీచుమంటూ నాగల్‌గిద్ద దాకా ఒక్క తప్పు చేయకుండా తీసుకొచ్చింది.

నాగల్‌గిద్ద దాటి కొంత పోయాక, వాగు మీద కూలిన మోరీ పక్కన ఒక మోదుగ చెట్టు ఉంటుంది. అక్కడ ఎడమకు తిరిగితే చిన్నమ్మ చేను. ఏటా నేను అక్కడే ఎడమ భుజం మీద తడతాను. మోరీ వచ్చింది. మిషన్ కూయలేదు. బావ నేరుగా పోయాడు.

కొంగు కింద నా చెయ్యి ఎగిరెగిరి పడింది. తడితే ఆయన దారిలో పడతాడు, నేను ఓడతాను. ఊరుకుంటే నేను గెలుస్తాను, ఆయన ఎండలో తిరుగుతాడు. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చెయ్యిని మోకాలి కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నంత పని చేశాను. సముద్రం, సముద్రం అని జపం చేశాను.

ఇంకొంత పోయాక మిషన్ కీచుమంది. కుడి పక్క చేను. గుడిసె, సున్నం రాళ్లు, పొయ్యి మీద గుండిగ, చుట్టూ జనం. "వచ్చినం! జూసినవా, గీత గీసినట్టు తెచ్చింది," అని బావ హెల్మెట్ తీసి మీసం దువ్వాడు. నాకు ముక్కూ మొహం తెలియని వాళ్లు. కన్నడం మాట్లాడే కుటుంబం. ఒక ముసలమ్మ ఎదురొచ్చి, "బర్రి బర్రి, ఊట మాడ్రి," అని తినడానికి రమ్మంటూ చెయ్యి పట్టి చాప మీద కూర్చోబెట్టింది. ఎవరు, ఏ ఊరు అని ఎవరూ అడగలేదు. ఎల్లమాస నాడు అలా అడగరు. మేము వాళ్లలో ఎవరి తాలూకో అని వాళ్లనుకున్నారు. ఆ రోజు గుడిసె, రాళ్లు ప్రతి చేనులోనూ ఒకేలా ఉంటాయి కాబట్టి, వాళ్లు చిన్నమ్మ పిలిచిన చుట్టాలని బావ అనుకున్నాడు. సంగతి తెలిసింది నాకొక్కదానికే, నేనేమో మాట్లాడకూడదు.

భజ్జి అమోఘంగా ఉంది. ఆ మాట కూడా అనలేక తల వంచుకుని తిన్నాను. రెండోసారి వడ్డించాక బావ చుట్టూ చూసి, "చిన్నత్త ఏదీ, కనవడ్తలేదు?" అన్నాడు. ముసలమ్మ నవ్వి ఇంకో రొట్టె వేసింది. అంబలి తాగాక అనుమానం వచ్చి మా తమ్ముడికి ఫోన్ చేశాడు.

"మీరు యాడున్నరు బావా? అమ్మ తోవ సూసుకుంట కూసున్నది," అన్నాడు వాడు. బావ తానున్న చోటు చెప్పాడు. అవతల తమ్ముడు ఒక్క కేక వేశాడు. "అరె! పొద్దుగాల మా చేనుకు వొయ్యేటప్పుడు గాళ్లు పిలిస్తే ఆగిన. అంబలి తాక్కుంటనే నీకు లొకేషన్ పంపిన. నేనున్న చోటు వొయ్యినట్టున్నది!"

ఇంకేముంది, మిషన్ తప్పు లేదు. తమ్ముడు ఎక్కడ కూర్చుని తాగాడో, సరిగ్గా ఆ చాప మీదకే తీసుకొచ్చింది. అయినా ఎల్లమాస నాడు మనిషి తన చేనులో ఉంటాడని ఏ ఉపగ్రహం చెప్పగలదు?

ముసలమ్మకు విషయం విడమరిచి చెబితే పొట్ట పట్టుకుని నవ్వి, మూట కట్టి మరీ ఇచ్చింది. బండి దగ్గరకొచ్చాక బావ నా వైపు తిరిగాడు. "నీకు ఎరుకేనా?"

"మోరీ కాన్నే ఎరుక."

"మరి ఎందుకు జెప్పలే?"

"చెయ్యి లేపొద్దన్నవ్. నోరు ఇప్పొద్దన్నవ్," అన్నాను. గెలిచిన సంతోషం ఉండాలి కదా, లేదు. "నువ్వే గద నాకు పని లేకుంట జేస్తవంటివి. ఆ మిషిన్ వస్తే నేనెందుకు? బండి యెనక మూటనా?" ఆ మాట అంత గట్టిగా అంటానని నేనే అనుకోలేదు.

బావ హెల్మెట్‌ను చేతుల్లో తిప్పాడు.

"నెమలి యాదికున్నదా?" అన్నాడు.

"ఏ నెమలి?"

"శ్రీశైలం ఘాట్ల. రోడ్డు పక్కనే పురి ఇప్పి ఆడవట్టింది. నీకు జూపెడ్దామని బండి మెల్లగ జేసిన. నువ్వు వీపు మీద రెండు గొట్టి రైట్ రైట్ అన్నవ్." హెల్మెట్ దుమ్ము తుడుస్తూ అన్నాడు. "నా తోటి వొస్తవ్ గని, నువ్వు ఏదీ జూడవ్. నాకోసం తోవే జూస్తవ్. సముద్రం కాడ గూడ బోర్డులే జూస్తె, నిన్ను తీస్కపోయి ఏం ఫాయిద? తోవ పని దానికిచ్చి నిన్ను ఖాళీగ కూసోవెడ్దామనుకున్న. గంతే."

ఇన్నాళ్లు మిక్సీ మీదా, బియ్యం గిన్నెలోనూ ఆయన వెతికింది నాకు సవతిని కాదు, నా మెడకు విశ్రాంతిని. ఈ మాట ముందే చెబితే ఆయన సొమ్మేం పోయింది? అదే అడిగాను. "నువ్వు ఇంటే గద," అన్నాడు. చెవిటివాడు నన్ను అనాల్సిన మాటా అది?

చిన్నమ్మ చేనుకు నేనే తోవ చూపాను. మోరీ దగ్గర ఆయన భుజం మీద మామూలు కంటే గట్టిగానే తట్టాను. అక్కడ ఇంకోసారి తిని, ఆ చోటును బావ మొద్దు మిషన్‌లో సరిగ్గా గుర్తు పెట్టుకున్నాడు. మాట్లాడేదాన్ని వాపస్ పంపుదామని అక్కడే తేల్చేశాం. ఒక బండికి మాట్లాడేవాళ్లు ఒకరు చాలు.

పొద్దు వాలుతుండగా ఖేడ్ దారి పట్టాం. మలుపు వచ్చినప్పుడల్లా మిషన్ కీచుమంటోంది, బావ తిప్పుతున్నాడు. నేను ఎలా కూర్చున్నానో అటే, పక్కకే చూస్తూ కూర్చున్నాను. జొన్న చేలల్లో గుడిసెలు, ఆరిపోతున్న పొయ్యిల పొగ, విస్తళ్లు ఏరుకుంటున్న ఆడవాళ్లు. ఇన్నేళ్లు నేను నడిచిన నేలే. ఒక చోట నల్లరేగడిలో చేనంతా కుసుమ పూలు, అప్పుడప్పుడే విచ్చుకుని, ఎండకు నారింజ రంగు తిరిగి ఉన్నాయి.

నేను ఆయన ఎడమ భుజం మీద తట్టాను.

బావ బండి మెల్లగా చేసి మిషన్ వైపు చూశాడు. అది కూయలేదు. హెల్మెట్ అద్దం ఎత్తి, "ఈడ మలుపు లేదు గదనే?" అన్నాడు.

"మలుపు లేదు బావా," అని కుడి చెవి దగ్గర అరిచాను. "అటు జూడు."